"ఆపు" అనే మాటకు హక్కుదారు ఎవరు?



తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికినవాడికి క్రేనుల ఊసెందుకని మీకు తోచవచ్చు. విశాఖలో కాపురమున్నవాడికి ఆ ఊసు తప్పదు. రేవువైపు తలెత్తితే క్రేనులే కనబడతాయి. ఉక్కు కర్మాగారంలోనైతే అవి కప్పు కింద ఇరుప్రక్కలా వేసిన పట్టాలమీద నడుస్తూ, కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ను సైతం గాలిలో మోసుకొనిపోతాయి. నా దగ్గర సంధులు, సమాసాలు వల్లించిన పిల్లలు కొందరు అటువంటి కొక్కేల నీడలోనే అన్నం సంపాదించుకొంటున్నారు.

2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేనుకు సామర్థ్య పరీక్ష జరుగుతుండగా అది కుప్పకూలి 11 మంది మరణించారు. వారిలో కాంట్రాక్టు సంస్థల తరఫున పనికి వచ్చినవారే ఎక్కువ. 1992లో సరిగ్గా అదే తేదీన పి.వి. నరసింహారావు గారు మన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ ఊరికి పండుగనిచ్చిన రోజే ఆబ్దికాన్ని కూడా మిగిల్చింది.

ఇది మన ఊరికే పరిమితమైన దుఃఖం కాదు. 2007 ఏప్రిల్‌లో చైనాలోని లియావోనింగ్ రాష్ట్రంలో, ఒక ఉక్కు కర్మాగారంలో లాడిల్ జారిపడి, షిఫ్టు మారేవేళ ప్రక్కగదిలో చేరిన కార్మికులమీదికి లోహద్రవం పారింది. 32 మంది చనిపోయారు. అటువంటి పనికై ప్రత్యేకించి తయారుచేసిన క్రేనుకు బదులు సాధారణమైన క్రేనును వాడటం దానికొక కారణమని తేలింది.

నియమాలు లేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే బరువులెత్తే యంత్రాలను కనీసం 12 నెలలకొకసారి నిపుణుడు పరీక్షించాలన్నది. క్రేను పట్టాల దగ్గర మనిషి పనిచేస్తుంటే క్రేను అతనికి ఆరు మీటర్ల లోపునకు రాకూడదన్నది. కొక్కెం హద్దు దాటి పైకి పోకుండా ఆపే లిమిట్ స్విచ్ ఉన్నది, అధికభారాన్ని పసిగట్టే పరికరమున్నది, ఒక బ్రేకు విఫలమైతే పట్టుకొనే రెండవ బ్రేకు ఉన్నది. ఇవన్నీ ఉండవలసినవే. ఐతే వీటన్నిటికన్న చవకైన రక్షణ ఇంకొకటున్నది. క్రేను నడిపేవాడు మామూలు సైగలను ఒక్క సిగ్నల్‌మాన్ నుండే తీసుకోవాలి. కాని "ఆపు" అనే సైగను మాత్రం ఎవరు చేసినా పాటించి తీరాలి. లోకమంతా ఒప్పుకొన్న నియమమిది.

మరి చేసేదెవరు? ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కళాసీగా పనిచేసే నా పూర్వవిద్యార్థి ఒకనాడు ఇంటికి వచ్చి చెప్పిన మాటలివి: "బరువు ఓ పక్కకి ఒరిగిపోతంది, నాకు కనిపిస్తంది మాస్టారూ. సూపర్‌వైజరు గారు అక్కడే ఉన్నారు. నానేటి సెప్తాను? రేపు గేటు పాసు ఇవ్వకపోతే?" ఆ బరువు జారి పడింది. కింద మనిషి లేకపోవడం ఆనాటి అదృష్టం.

"నోరు విప్పవలసింది కదా నాయనా" అన్నాను. అని సిగ్గుపడ్డాను. పెద్దలు చెబుతుండగా అడ్డురాకూడదని మూడు దశాబ్దాలు నేర్పినవాణ్ణి నేనే! "ఆపు" అన్నది మధ్యమపురుష ఏకవచనం. అధికారితో ఆ మాట అనడానికి మన సంస్కారం అడ్డొస్తుంది, ఆకలి ఇంకా ఎక్కువగా అడ్డొస్తుంది. చేయి చాచి చేసే సైగకు ఏకవచన బహువచనాలు లేవు. ఆ సంగతి మన పనివారికి ఎవరైనా నేర్పారా?

అందరికీ ఆ అధికారమిస్తే పని సాగదని కొందరంటారు. పొరపాటున ఆపితే పోయేది పది నిమిషాలు. ఆపవలసినప్పుడు ఆపకపోతే పోయేదేమిటో ఈ ఊరికి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి నేను కోరేవి మూడు. పని ఆపమన్నవాడి అనుమానం తప్పని తేలినా అతని కూలికీ గేటు పాసుకూ భంగం రాదని యాజమాన్యాలు వ్రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఆ హామీ కాంట్రాక్టరునూ కట్టడి చేయాలి. రక్షణ శిక్షణ తెలుగులో, ఒడియాలో, హిందీలో, పనివాడు మాట్లాడే భాషలో సాగాలి. పరీక్ష అంటేనే ఫలితమింకా తెలియదని అర్థం. కనుక క్రేనును పరీక్షించే రోజున ఆ పరీక్షకు అత్యవసరం కాని మనిషి దానిమీదగాని దాని చేరువలోగాని ఉండరాదు.

మీలో కర్మాగారాలలో పనిచేసేవారుంటారు. మీ చోట కళాసీ చేయెత్తితే క్రేను ఆగుతుందా? తెలియజేయగలరు.