రాయితీ కాగితం మీద, జరిమానా బోగీలో

పదిమంది కలిసి ప్రయాణం చేస్తే ఎక్కడైనా బేరం కుదురుతుంది. ఆటోవాడు తగ్గిస్తాడు, లాడ్జివాడు తగ్గిస్తాడు, పాపికొండల లాంచీవాడు కూడా తగ్గిస్తాడు. తగ్గించనిది ఒక్క రైల్వేనే. పైగా గుంపుగా వచ్చారని తెలిస్తే రూల్సు పెంచుతుంది.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. మన రైళ్లలో మామూలు జనానికి గ్రూప్ డిస్కౌంట్ అనేదే లేదు. 'బల్క్ బుకింగ్' అన్న మాట విని చాలామంది రాయితీ అనుకుంటారు. అది రాయితీ కాదు, అనుమతి. ఒక ఫారం మీద ఆరుగురికి మించి టికెట్ ఇవ్వరు. అంతకంటే ఎక్కువమంది కావాలంటే అర్జీ పెట్టుకుని అధికారి సంతకం తెచ్చుకోవాలి. సంతకం వచ్చాక కట్టేది పూర్తి చార్జీయే!

మరి రాయితీలు లేవా? ఉండేవి. గోదావరి జిల్లాల రైతు సంగతే చూడండి. వ్యవసాయ ప్రదర్శనకి వెళితే 25 శాతం. ప్రభుత్వం వేసిన ప్రత్యేక రైలెక్కితే 33 శాతం. మంచి సేద్యం నేర్చుకోడానికి జాతీయ సంస్థకి వెళితే 50 శాతం. అదే రైతు, అదే పంచె, అదే బోగీ, మూడు లెక్కలు! ఏ లెక్కకి ఏ సర్టిఫికెట్టో తెలుసుకునే లోపు రైలు నిడదవోలు దాటిపోతుంది. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి వీటన్నిటినీ ఆపేశారు. నాలుగు రకాల దివ్యాంగులకి, పదకొండు రకాల రోగులకి, విద్యార్థులకి మాత్రమే మిగిల్చారు. వృద్ధుల రాయితీ పోయింది. అక్రిడిటేషన్ ఉన్న పాత్రికేయుల సగం చార్జీ కూడా పోయింది లెండి, అది మా సొంత ఏడుపు.

మిగిలిన విద్యార్థుల రాయితీ అయినా సూటిగా ఉందా? సెకండ్ క్లాసు, స్లీపర్‌లలో 50 శాతం, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకి 75 శాతం. వినడానికి బాగుంది. ఇంటికి వెళ్లడానికో, కాలేజీ విజ్ఞానయాత్రకో అయితేనే ఇస్తారు. ఇరవై ఐదేళ్లు దాటకూడదు. ఎస్సీ ఎస్టీలకి ఇరవై ఏడు, పరిశోధక విద్యార్థులకి ముప్పై ఐదు. తగ్గేది మూల చార్జీ మాత్రమే. రిజర్వేషన్ రుసుము, సూపర్‌ఫాస్ట్ రుసుము పూర్తిగా కట్టాల్సిందే. అందుకే సగం అన్నది చేతికొచ్చేసరికి సగం కాదు. ఇంటర్నెట్‌లో దొరకదు, కాలేజీ ఇచ్చిన ఫారంతో కౌంటర్ దగ్గర నిలబడాలి.

ఆ టికెట్ కొన్నాక ఒకడికి జ్వరం వచ్చిందనుకోండి. వాడి బదులు ఇంకొకణ్ణి పంపొచ్చు. కానీ ప్రిన్సిపాల్ గారు రైలు కదలడానికి 48 గంటల ముందే రాసివ్వాలి. జ్వరం 48 గంటల నోటీసిచ్చి వస్తుందా? పైగా మొత్తం గుంపులో పది శాతం మందికి మించి పేర్లు మార్చరు. నలభై మందిలో నలుగురికి సరే. తొమ్మిది మంది వెళితే? తొమ్మిదిలో పదో వంతు మనిషి ఎక్కడ దొరుకుతాడు? పెళ్లివారి గుంపుకీ ఇదే నిబంధన. కుటుంబ సభ్యుల మధ్య మార్పుకైతే 24 గంటలు చాలు. గడువులో ఈ తేడా ఎందుకో టికెట్ మీద ఎక్కడా రాయరు.

ఇక జనరల్ టికెట్. 2016 మార్చి నుంచి 199 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి తీసుకున్న టికెట్‌తో మూడు గంటల్లో బయలుదేరాలి. లేదా ఆ ఊరికి వెళ్లే తొలి రైలు కదిలే లోపు. రెండిట్లో ఏది తర్వాతైతే అది. 200 దాటితే మూడు రోజుల ముందే కొనుక్కోవచ్చు. ఇప్పుడు మన పటం చూడండి. కొవ్వూరు నుంచి విశాఖ 200 దాటుతుంది, ద్వారపూడి నుంచి దాటదు. కొవ్వూరువాళ్లు మూడు రోజుల ముందే టికెట్లు జేబులో వేసుకుంటారు. ద్వారపూడివాళ్లు పొద్దున్నే వచ్చి క్యూ కట్టాలి. విజయవాడ సభకి వెళ్లే అమలాపురం కుర్రాళ్ల పని ఇంకా కష్టం. నాయకుడు రాజమండ్రిలో పొద్దున్నే పాతిక టికెట్లు కొని పెడతాడు, కుర్రాళ్లు రావాల్సిన బస్సు రావులపాలెంలో ఆగిపోతుంది. గడియారం మాత్రం ఆగదు.

ఉద్యమం రోజుల్లో మాకూ తగిలింది. పదకొండు మందికి ఒకే టికెట్, అది మా పెద్దాయన జేబులో. జనం తోసేస్తే ఐదుగురం వెనక బోగీలో పడ్డాం. తనిఖీకి వచ్చినాయన "టికెట్ చూపించినవాడికే టికెట్" అన్నాడు. తలకి 250 రూపాయల జరిమానా, పైన చార్జీ. ముందు బోగీలో ఉందండీ మొర్రో అంటే వినలేదు. డబ్బు కొన్నవాళ్ల దగ్గరే మళ్లీ వసూలు చేయడం అంటే ఇదే.

వెయిటింగ్ లిస్టు చిక్కు వేరే. ఇంటర్నెట్‌లో కొన్న టికెట్ మీద అందరూ వెయిటింగ్‌లోనే మిగిలితే చార్టు వేశాక దానంతటదే రద్దవుతుంది. కౌంటర్‌లో కొన్నదైతే చేతిలో ఉంటుంది, జనరల్ బోగీలోనే చెల్లుతుంది. ఒకే రైలుకి, ఒకే డబ్బుకి రెండు న్యాయాలు.

మొత్తం బోగీయో, రైలో మాట్లాడుకోవచ్చు కదా అంటారు. మాట్లాడుకోవచ్చు, బోగీకి 50 వేలు ధరావతు కట్టే స్తోమత ఉంటే. రైలంటే కనీసం 18 బోగీలు, అంటే ధరావతే 9 లక్షలు. 2019 ఫిబ్రవరి 11న ఢిల్లీలో ముఖ్యమంత్రి దీక్షకి శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి రెండు రైళ్లు వేశారు. ఖజానా నుంచి 1.12 కోట్లు మంజూరయ్యాయి. ప్రభుత్వం తల్చుకుంటే రైలే కదులుతుంది. విద్యార్థి సంఘం తల్చుకుంటే ఫారం కూడా కదలదు.

ఇంగ్లండులో గ్రూప్‌సేవ్ అని ఒకటుంది. ముగ్గురి నుంచి తొమ్మిది మంది వరకు కలిసి, రద్దీ లేని వేళల్లో వెళితే చార్జీలో మూడో వంతు తగ్గుతుంది. అక్కడా ఏ రైలు రద్దీ వేళ కిందికొస్తుందో తెలియక తికమకపడేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ తగ్గింపైతే ఉంది, తగవు దాని హద్దుల మీద. మన తగవు అసలు లేనిదాని మీద.

2027లో గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కరఘాట్ తొక్కిసలాటలో పోయిన ప్రాణాలు ఎవరూ మర్చిపోలేదు. ఈసారీ ఊళ్లకి ఊళ్లు గుంపులుగా కదులుతాయి. రాజమండ్రి, కొవ్వూరు, నిడదవోలు, సామర్లకోట, భీమవరం స్టేషన్లలో ఈ గుంపు టికెట్ల నిబంధనలు తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించమని విజయవాడ డివిజన్ అధికారులకి విద్యార్థి, ఉద్యోగ సంఘాలు ఇప్పుడే అర్జీలు పెట్టాలి. గుంపు టికెట్ కొంటే మనిషికొక చీటీ ఇవ్వాలని కూడా అందులో రాయండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకుని గాని గేటు దాటకండి.