నాలుగో తరగతిలోనూ కూడబలుక్కుంటున్నారా? బడిలో అందాల్సిన మూడంచెల సాయం ఇదీ

పిల్లవాడు నాలుగో తరగతి. నేర్పిన పద్యం గడగడా అప్పజెప్పేస్తాడు. కొత్త పేజీ తీసి చదవమంటే మాత్రం ఒత్తు కనబడిన ప్రతిచోటా ఆగిపోతాడు. ఇది బద్ధకం కాకపోవచ్చు. చదవడం పూర్తిగా పట్టుబడకుండానే పైతరగతికి వచ్చేసి ఉండొచ్చు.

ఉప్పల్, నాచారంలో ఎందుకు కష్టం?

నాచారం పారిశ్రామికవాడకు పని కోసం వచ్చిన కుటుంబాల్లో కొందరు ఇంట్లో మాట్లాడేది హిందీ లేదా ఒడియా. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది. 2018 చట్టం ప్రకారం తెలుగు తప్పనిసరి. అంటే ఇంట్లో ఒక భాష, బడిలో మరో రెండు లిపులు.

దీనికి తోడు లెక్కల కొరత. ఏసర్ 2024 ప్రకారం దేశంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. అయితే అది గ్రామీణ సర్వే. ఉప్పల్ లాంటి నగర ప్రాంతం అందులో కనిపించదు.

ఏమిటీ మూడంచెలు?

మొదటిది, తరగతి మొత్తానికీ మంచి బోధన. రెండోది, వెనకబడిన వారిని చిన్న బృందంగా కూర్చోబెట్టి కొన్ని వారాలు అదనంగా నేర్పడం. మూడోది, అప్పటికీ అందుకోలేని వారికి ఒక్కొక్కరిగా సాయం. అంచె మార్చేది పరీక్ష ఫలితాన్ని బట్టే. అమెరికా 2004 చట్ట సవరణతో ఈ పద్ధతికి ఊతమిచ్చింది. మన దేశంలో ప్రథమ్ సంస్థ తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి పిల్లల్ని విడదీసి నేర్పి ఫలితాలు సాధించింది.

తెలంగాణలో ఏముంది?

1 నుంచి 5 తరగతులకు 2022 ఆగస్టులో ‘తొలిమెట్టు’ వచ్చింది. మొదట పరీక్ష పెట్టి పిల్లల స్థాయి తేల్చడం ఇందులో కీలకం. హైస్కూళ్లకు ఆ తర్వాత ‘ఉన్నతి’ తెచ్చారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. కాగితం మీద మొదటి, మూడో అంచెలు ఉన్నట్టే.

చిక్కల్లా నడుమ అంచెతోనే. చిన్న బృందానికి విడిగా టీచర్ ఉండరు. ఉన్న టీచరే మిగతా పిల్లల్నీ చూసుకోవాలి. 2024 నవంబరులో ఇంటింటి సర్వే కోసం ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. అలాంటప్పుడు ముందుగా ఎగిరిపోయేది ఈ అదనపు సమయమే. ఇక ప్రైవేటు బడులకు తొలిమెట్టు వర్తించదు. అక్కడి పిల్లలకు దొరికే సాయం యాజమాన్యం ఇష్టం.

డిస్‌లెక్సియా అనుకోవాలా?

వెంటనే వద్దు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. వారాల తరబడి విడిగా నేర్పినా మార్పు లేకపోతే నిపుణులకు చూపించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలనూ గుర్తించింది.

ఇంట్లో ఏం చేయాలి?

రెండో తరగతి పుస్తకంలో చూడని పేజీ ఒక నిమిషం చదివించండి. ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి: అక్షరమా, గుణింతమా, ఒత్తా? తర్వాత అర్థం అడగండి. మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది నిపుణ్ భారత్ లక్ష్యం. తెలుగు పదాలు పొడవు కాబట్టి అంకె కొంచెం తగ్గితే కంగారుపడొద్దు.

ఆ కాగితం పట్టుకుని టీచర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్లాడి స్థాయి ఏది? అదనంగా ఎప్పుడు, ఎంతసేపు నేర్పుతున్నారు? మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారు? రెండో ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ బడిలో నడుమ అంచె లేనట్టే. తల్లిదండ్రుల సమావేశంలో నలుగురూ కలిసి అడగాల్సింది దాని గురించే.