మెయింటెనెన్స్: ఎవరు ఎవర్ని పోషించినట్టు?

బోరింగుకీ, లిఫ్టుకీ, అపార్టుమెంటుకీ వాడే ఇంగ్లీషు మాటనే భర్త వదిలేసిన స్త్రీకి కోర్టు ఇప్పించే డబ్బుకీ వాడుతున్నాం. 'మెయింటెనెన్స్ కేసు' అన్నది ఇవాళ పల్లెటూళ్లలో కూడా తెలుగుమాటే.

లాటిన్‌లో చేతితో పట్టుకోవడం అనే అర్థంలోంచి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది. పట్టి నిలబెట్టే చెయ్యి ఎవరిదన్నదే అసలు పేచీ. తనకు సంబంధంలేని వ్యాజ్యంలో ఒకరికి అండగా నిలవడాన్ని కూడా పాత ఇంగ్లీషు చట్టం మెయింటెనెన్స్ అనే పిలిచింది. ఇంగ్లండులో 1967 దాకా అది నేరం! ఒంటరి స్త్రీల వెంట కోర్టుల చుట్టూ తిరిగే మన సంఘాలు అక్కడ ఉండివుంటే ఏమయ్యేవో.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షను ప్రకారం భార్యకు ఇప్పించగలిగింది నెలకు గరిష్ఠంగా 50 రూపాయలు. 1955లో అది 500 అయింది. 1973 కోడ్‌లో 125వ సెక్షనుగా మారినా 500 దగ్గరే ఆగి, 2001లోగానీ ఆ పరిమితి పోలేదు. షాబానోకి 1979లో ఇందోరు మేజిస్ట్రేటు ఇప్పించింది నెలకు 25 రూపాయలు. ఆమె భర్త వకీలు. 2024 జులై నుంచి ఇదే సెక్షను కొత్త చట్టంలో 144 అయింది. నంబరు మారింది కానీ షరతు మారలేదు: 'తనను తాను పోషించుకోలేని' భార్య అయివుండాలి.

పోనీ మన మాట భరణం నయమా? భరించడం అనే ధాతువులోంచే భర్త వచ్చాడు, భరింపబడేది భార్య అయింది. భృత్యుడూ ఆ ధాతువు బిడ్డే. అయితే భృత్యుడికి దక్కేది భృతి, అంటే చేసిన పనికి కూలి. భార్య భరణం అడిగితే మాత్రం చేసిన పని ఊసే రాదు, తన నిస్సహాయతనే రుజువు చేసుకోవాలి.

నీళ్లు మొయ్యడం, వండడం, పిల్లల్నీ ముసలివాళ్లనీ చూడ్డం - యంత్రం విషయంలో మెయింటెనెన్స్ అనే పని ఇదే కదా! రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే ఆమె ఇంటిపనికి ఆదాయం లెక్కగట్టాలని 2021లో సుప్రీంకోర్టు కీర్తి కేసులో చెప్పింది. బతికివున్న గృహిణి పనికి 144వ సెక్షనులో ఒక్క వాక్యం లేదు. సంసారం కోసం ఉద్యోగం మానుకున్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలని 2020లో రజనేష్ కేసులో అదే కోర్టు అంది. ఉద్యోగమే ఎరగని మన రైతుకూలీ స్త్రీ మాటేమిటి?

కార్యకర్తలకి నా సూచన ఒకటుంది. పిటిషన్‌లో 'ఏ ఆధారమూ లేదు' అని రాయించి ఊరుకోకండి. ఆ ఇంట్లో ఆమె ఎన్నేళ్లు ఏమేం పని చేసిందో, ఎవరెవర్ని సాకిందో ఒక పేరాలో రాయించండి. 'ఇదంతా ఎందుకమ్మా' అని వకీలు విసుక్కుంటాడు. అయినా రాయించండి.