లెక్కల్లో సున్నా.. ఎముకల్లో విషం

మన జిల్లాలో ఫ్లోరైడ్ పీడిత గ్రామం ఒక్కటీ లేదట! ఇది సర్కారు లెక్క. 2015లో తెలంగాణలో 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలుంటే, 2020 ఆగస్టు నాటికి అవి సున్నాకు వచ్చాయని కేంద్రం ప్రకటించింది. సంతోషించదగ్గ మాటే. మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి పల్లెల్లో ఈవేళ బడి పిల్లలు నవ్వితే తెల్లని పళ్లు కనిపిస్తున్నాయి. నా ఈడు వాళ్లం మాత్రం నవ్వాలంటే ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాం.

మరి ఇక రాయడానికేముంది? ఉంది. ఆ సున్నా నీళ్ల లెక్క. మనుషుల లెక్క కాదు.

మర్రిగూడ మండలం బట్లపల్లిలో ఈ జబ్బును గుర్తించింది 1945లో. అంటే నిజాం పాలనలోనే తెలిసిన సంగతి. మన నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. దాని సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగరాదు. మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లున్నది. చెరువులు ఎండి, చేదబావులు ఇంకి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ విషం పెరిగింది. మొదట పళ్లకు గార పట్టింది. తర్వాత నడుములు పట్టేశాయి, మెడలు తిరగలేదు. పసివాళ్ల కాళ్లు వంకర పోయాయి. ఆ ఊరికి పిల్లనివ్వం, ఆ ఊరి పిల్లను చేసుకోం అనే దాకా వచ్చింది.

ఈ నీళ్లు అందరినీ ఒక్క తీరుగా కాటేయలేదు. ఉన్నవాడు క్యాన్లు కొనుక్కున్నాడు, లేదా పట్నం వెళ్లి బతికాడు. ఎండలో రెక్కలు ముక్కలు చేసుకునే కూలి మనిషి అందరికంటే ఎక్కువ నీళ్లు తాగాడు. ఎముకకు బలమిచ్చే పాలు, పెరుగు అతని కంచంలో లేవు. అందుకే విషం ముందుగా అతని ఇంటినే వెతుక్కుంటూ వచ్చింది.

1970వ దశకంలో నాగపూరులోని నీరి సంస్థ పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని రూపొందించింది. దానికి పెట్టిన పేరు ‘నల్లగొండ పద్ధతి’. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది. నల్లగొండ పల్లెలన్నింటికీ మంచినీళ్లు చేరడానికి మాత్రం ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఆ నీళ్లయినా ఊరికే రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. ఓటు కాగితం పుస్తకమంత అయింది. దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2003లో శివన్నగూడెం వాసి అంశాల స్వామిని ఢిల్లీకి తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఫ్లోరైడ్ అంటే ఏమిటో చెప్పడానికి ఆ వంగిన ఒళ్లే అర్జీ అయింది. ఆ స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు.

ఇంకొక సంగతి కూడా మరవరాదు. మన జిల్లా కోదండాపురంలో శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు 2004లోనే హైదరాబాదుకు వెళ్లాయి. సాగర్ రోడ్డు వెంట లావుపాటి పైపుల్లో మంచినీళ్లు పోతుంటే, ఆ రోడ్డుకు ఇటూ అటూ ఉన్న పల్లెల్లో ఆడవాళ్లు బోరింగుల దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డారు. పట్నం వాడుకున్న నీరు మురుగై మూసీలో మళ్లీ మన మీదికే వస్తోంది. పట్నానికి నీళ్లు వద్దని ఎవరూ అనడం లేదు. దారిలో ఉన్నవాడి దాహం ముందుగా ఎందుకు తీరలేదన్నదే ప్రశ్న.

ఇక నేటి సంగతి. ఊరి అరుగు మీద కూర్చున్న పెద్దలను పలకరిస్తే అందరిదీ ఒకటే మాట. నల్లా వచ్చింది, నడుం రాలేదు. వంగిన ఎముక మంచినీళ్లతో తిరిగి నిలబడదు. సదరం శిబిరంలో 40 శాతం వైకల్యం ఉందని రాస్తేనే పింఛను. రాత్రంతా నిద్ర పట్టనివ్వని కీళ్ల నొప్పిని, తిరగని మెడను ఏ శాతంలో కొలుస్తారు? ఫ్లోరైడ్ బాధితులను వేరుగా గుర్తించి ఇంటింటి లెక్క తీయాలి.

రెండోది నల్లా సంగతి. మోటారు కాలినా, పైపు పగిలినా మళ్లీ పాత బోరింగే దిక్కు. కాచి తాగితే పోతుందని కొందరి నమ్మకం. పోదు. కాచిన కొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కనవుతుంది. విషమున్న ప్రతి బోరింగుకూ ఎర్ర రంగు వేయాలి. నల్లా ఆగిన రోజున ట్యాంకరు ఊళ్లోకి రావాలి. నల్లా నీటిని నెలకోసారి పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయాలి. ఎక్కడో ఆఫీసులో ఫైలులో ఉన్న సున్నా మాకెందుకు?

మూడోది చేను సంగతి. మనిషికి నల్లా వచ్చింది. గొడ్డుకు రాలేదు. బోరు కిందే కూరగాయలు పండుతున్నాయి, బోరు నీళ్లే పశువులు తాగుతున్నాయి. చెరువుల్లోకి కృష్ణా నీరు వస్తే తప్ప ఈ పీడ పూర్తిగా వదలదు. శ్రీశైలం సొరంగం మాట దశాబ్దాలుగా వింటున్నాం. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం కూలి 8 మంది కార్మికులను బలి తీసుకుంది. బతుకుతెరువు కోసం వచ్చి మన నీళ్ల కోసం ప్రాణాలిచ్చిన వాళ్లు వాళ్లు. ఇంకొక ప్రాణం పోకుండా, ఇంకొక తరం గడవకుండా ఆ నీళ్లు రావాలి.

పల్లె ప్రజలారా! ఈసారి గ్రామసభ పెట్టిన రోజున మూడు ప్రశ్నలు అడుగుదాం. మన నల్లా నీటిలో ఫ్లోరైడ్ ఎంత? మన ఊళ్లో బాధితులెందరు? మన చెరువుకు నీళ్లెప్పుడు? జవాబు నోటితో కాదు, రాతలో తీసుకుందాం. సున్నా అన్న మాట నిజమని చెప్పాల్సింది లెక్కలు రాసే కలం కాదు. ఆ నీళ్లు తాగే మనం.