అసలు, నకలు, నంబరు

అమెరికాలో కోబ్రా కారు నడిపేవాళ్లకు ఏ పెట్రోలు బంకులో ఆగినా తప్పని ప్రశ్న ఒకటుంది: ‘‘అసలుదేనా?’’ ఎంత వేగం పోతుంది, ఎంతకు కొన్నారు లాంటివన్నీ ఆ తర్వాతే. అడిగేవాళ్లను తప్పు పట్టలేం. 1960లలో తయారైన అసలు కోబ్రాలు మొత్తం కలిపినా దాదాపు వెయ్యే. నకళ్లు వేలకు వేలున్నాయి. ఎదురుగా వచ్చింది నకలేనని పందెం కాస్తే ఓడిపోవడం కష్టం.

ఈ కారు పుట్టుకే ఒక తమాషా. ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, థేమ్స్ డిట్టన్ అనే ఊళ్లో, ఏసీ కార్స్ అని ఒక చిన్న కంపెనీ ఉండేది. ‘ఏస్’ అనే అందమైన రెండు సీట్ల కారు చేసేది. దానికి ఇంజిన్లు ఇచ్చే బ్రిస్టల్ కంపెనీ చేతులెత్తేసింది. సరిగ్గా అప్పుడే టెక్సాస్ మనిషి కరోల్ షెల్బీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈయన కోళ్లఫారం పెట్టి చేతులు కాల్చుకున్నవాడు, 1959లో లెమాన్స్ 24 గంటల రేసు గెలిచినవాడు, గుండె జబ్బుతో రేసులు మానుకున్నవాడు. మీ కారులో అమెరికన్ వి8 ఇంజిన్ పెడదామా అన్నాడు. ఫోర్డు వాళ్లను ఒప్పించి ఇంజిన్లు సంపాదించాడు. 1962లో సీఎస్‌ఎక్స్ 2000 నంబరుతో మొదటి కారు కాలిఫోర్నియాలో సిద్ధమైంది. చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. పత్రికలవాళ్లు మాత్రం నాకంటే నాకంటూ టెస్టుకు అడుగుతున్నారు. షెల్బీ ఒక్కో పత్రికకు ఇచ్చే ముందు దానికి ఒక్కో రంగు వేయించాడు. చదివినవాళ్లంతా కార్లు దండిగా తయారవుతున్నాయి కాబోలు అనుకున్నారు. అదే కారు 2016లో మాంటెరే వేలంలో కోటీ 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది.

అంత ధర పలికే బొమ్మను జనం చూస్తూ ఊరుకోరు గదా. ఫైబర్‌గ్లాస్ బాడీ, ఉక్కు పైపుల చాసిస్, బజారులో దొరికే ఫోర్డు ఇంజిన్ ఉంటే చాలు, సెలవు రోజుల్లో ఇంటి షెడ్డులోనే కోబ్రా కట్టుకోవచ్చు. ఈ కిట్లు అమ్మే ఫ్యాక్టరీ ఫైవ్ కంపెనీ మసాచుసెట్స్‌లో 1995లో మొదలైంది. యూటా రాష్ట్రంలోని కిర్క్‌హామ్ కంపెనీ ఇంకో మెట్టు పైకెక్కి, ఒకప్పుడు మిగ్ యుద్ధ విమానాలు చేసిన పోలండ్ కర్మాగారంలో అల్యూమినియం బాడీలు కొట్టించింది. తెలిసినవాళ్లు రెక్క మీద వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఫైబర్ అయితే డొక్కు చప్పుడు, అల్యూమినియం అయితే పలచటి ఖంగుమనే మోత. కిర్క్‌హామ్ కారు ముందు ఆ పరీక్ష కూడా పనిచేయదు. ఇక పక్కనుంచి వెళ్లే పొగగొట్టానికి పిక్క తగిలి కాలడం అసలుకైనా నకలుకైనా ఒకటే. దిగేటప్పుడు కాలు చాపి దిగాలని ప్రతి యజమానీ ఒక మచ్చతో నేర్చుకుంటాడు.

క్లబ్బులకు చిర్రెత్తేది ఇక్కడే. ప్రదర్శనకు వచ్చిన నకలు కారును ఎక్కడ నిలబెట్టాలన్నది పాత కార్ల క్లబ్బుల్లో ఎప్పటికీ తెగని పంచాయితీ. కొన్ని క్లబ్బులు గేటు బయట ఆపేస్తాయి. కొన్ని పచ్చికలోకి రానిస్తాయి గానీ చివరి వరసలో పెట్టిస్తాయి. ఇంకొన్ని వేరే విభాగం పెట్టి, బహుమతి లేకుండా చప్పట్లు కొట్టి పంపిస్తాయి. అసలు కారుకు ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టినంత డబ్బు పోసినవాడికి, పక్కన అచ్చం అలాగే ఉన్న చవక కారు చుట్టూ పిల్లలు మూగడం చూస్తే కడుపు మండుతుంది. మానవ సహజం. ఆ మంటను చరిత్ర పరిరక్షణ అని పిలుచుకుంటేనే నాకు నవ్వొస్తుంది.

అలాగని క్లబ్బులను ఎద్దేవా చేయడం నా ఉద్దేశం కాదు. షెల్బీ కార్ల అభిమానులు 1975లో పెట్టుకున్న షెల్బీ అమెరికన్ ఆటోమొబైల్ క్లబ్బు చేసిన గొప్ప పని ఒకటుంది. అది వాళ్ల రిజిస్టరు. ఒక్కో చాసిస్ నంబరు కింద ఆ కారు ఎవరికి అమ్ముడైంది, ఏ రంగులో వెళ్లింది, ఎక్కడ గుద్దుకుంది, ఎన్ని చేతులు మారింది, దొరికినంత మేరకు రాసి పెట్టారు. కారు ఎప్పుడో తుక్కయిపోయినా, దాని నంబరు పలక ఒకటి దొరికితే చాలు, చుట్టూ కొత్త కారు కట్టేసి అసలు ధరకు అమ్మే మొనగాళ్లున్నారు. ఒకే నంబరుతో రెండు కార్లు బయటపడితే ఏది ఏదో చెప్పడానికి ఆ రిజిస్టరే దిక్కు.

తమాషా ఏమిటంటే, రిజిస్టరుకు పెద్ద తలనొప్పి ఇంటి షెడ్డులో కారు కట్టుకున్నవాడి నుంచి రాలేదు. 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఒక కథనం వేసింది. 1960లలో మిగిలిపోయిన చాసిస్సులంటూ షెల్బీ చూపించిన కోబ్రాలు నిజానికి ఆ తర్వాతెప్పుడో తయారైనవని, వాటికి కాలిఫోర్నియా రవాణా శాఖ నుంచి డూప్లికేట్ పత్రాలు పుట్టించారని అందులో రాసింది. అప్పటికి 427 అనే ఇంజిన్ పేరుతో వచ్చిన అసలు కోబ్రాల ధర ఆకాశంలో ఉంది. మరి కారు సృష్టికర్తే కొత్త కారుకు పాత తేదీ వేస్తే దాన్ని ఏమనాలి? అదే షెల్బీ 2000లో ఫ్యాక్టరీ ఫైవ్ మీద కోర్టుకెళ్లాడు. కోబ్రా, షెల్బీ పేర్లు వాడబోమని ఆ కంపెనీ ఒప్పుకుని రాజీ పడింది. అన్నట్టు 427 అని పేరు పెట్టిన అసలు కార్లలోనే కొన్నింటికి చవకైన 428 ఇంజిన్ బిగించి అమ్మారు. కాబట్టి అసలు మహిమ గురించి మరీ గొంతు పెంచకపోవడమే మంచిది.

ఇప్పుడు పెద్ద కంపెనీలే ఈ వ్యాపారంలోకి దిగాయి. 1963లో జాగ్వార్ లైట్‌వెయిట్ ఈ-టైప్ కోసం 18 నంబర్లు కేటాయించి 12 కార్లే చేసింది. మిగిలిన ఆరు నంబర్లనూ 2014లో బయటికి తీసి ఆరు కొత్త కార్లు కట్టింది. ఒక్కోటి పది లక్షల పౌండ్ల పైమాటే. ఆస్టన్ మార్టిన్ 2017లో డీబీ4 జీటీలు మరో పాతిక చేసింది. వాటికి పెట్టిన పేరు ‘కంటిన్యుయేషన్’. బ్రిటన్‌లో ఆ ఆస్టన్ మార్టిన్లకు రోడ్డెక్కే అనుమతి లేదు, ట్రాకు మీదే తిప్పుకోవాలి. షెడ్డులో కట్టిన కోబ్రా మాత్రం తనిఖీ పాసై దర్జాగా సంతకు వెళ్లి కూరగాయలు తెస్తుంది. అదే పని కంపెనీ చేస్తే వారసత్వం, మెకానిక్కు చేస్తే మోసం అనే క్లబ్బు పెద్దల తర్కం నాకు మింగుడు పడదు.

అసలు అంటే ఏమిటో ఒక న్యాయమూర్తి తేల్చాల్సి వచ్చిన సందర్భం కూడా ఉంది. 1929లో, 1930లో లెమాన్స్ గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ తర్వాత రేసు రేసుకూ భాగాలు మార్చుకుంటూ వచ్చింది. 1932లో బ్రూక్‌ల్యాండ్స్ రేసులో అది గట్టు దాటి ఎగిరిపడడంతో, నడిపిన క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. తర్వాత దాన్ని మళ్లీ కట్టారు. 1990లో కోటి పౌండ్లకు బేరం కుదిరాక, ఇందులో పాత కారు ఎంతుందని కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. వ్యవహారం లండన్ కోర్టుకెక్కింది. లెమాన్స్ నాటి సామాను అందులో దాదాపు లేదని తేలింది. అయినా జస్టిస్ ఆటన్ తీర్పు అమ్మినవాడికే అనుకూలంగా వచ్చింది. ఈ కారును ఒరిజినల్ అనడానికి వీల్లేదు గానీ, చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరుకు పోటీ వచ్చే కారు మరొకటి లేదు, కాబట్టి నిజమైన ఓల్డ్ నంబర్ వన్ ఇదేనని ఆయన తేల్చారు. ఇనుము మొత్తం మారిపోయినా కారు నిలిచింది, దాని కథ తెగకుండా ఉన్నందువల్ల.

మన ఊళ్లలో ఒన్ గ్రామ్ గోల్డ్ హారం వేసుకుని పెళ్లికెళ్లిన ఆవిడను ఎవరూ దొంగ అనరు. అదే హారాన్ని బంగారమని చెప్పి తాకట్టు పెడితేనే పోలీసులొస్తారు. నకలు కార్ల విషయంలోనూ నా లెక్క అదే. కాకపోతే క్లబ్బుల భయంలో ఒక న్యాయం ఉంది. కారు కట్టుకున్నవాడు నిజాయతీగా నకలనే చెప్పి అమ్ముతాడు. రెండోవాడు అడిగితే చెప్తాడు. మూడోవాడి దగ్గరికొచ్చేసరికి కాగితాల్లో కొత్త కథ మొలుస్తుంది. అందుకే మాట మీద నమ్మకం చాలదు, చెరగని గుర్తు కావాలి. ఎవరు, ఏ ఏడు కట్టారో చాసిస్ మీద కొట్టి ఉండాలి. బ్రిటన్ రవాణా శాఖ గుర్తింపు తేలని కార్లకు, పాత భాగాలతో అతికించిన కార్లకు ‘క్యూ’ అక్షరంతో నంబరు ఇస్తుంది. యజమానులకు ఆ అక్షరమంటే గిట్టదు. గిట్టకపోయినా అది పనిచేస్తుంది.

మనకెందుకీ గొడవ అనుకోవద్దు. 2021లో కేంద్ర రవాణా శాఖ 50 ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ సిరీస్‌తో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000, గడువు పదేళ్లు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. ఇదే దేశంలో పెళ్లి ఊరేగింపులకు వింటేజ్ కారు పేరుతో అద్దెకొచ్చే వాటిలో కొన్నింటి కింద జీపు చాసిస్ ఉంటుంది. వరుడికీ గుర్రానికీ అభ్యంతరం లేనప్పుడు నాకూ లేదు. కానీ అలాంటిదే పదేళ్ల తర్వాత ఏ జమీందారు వాడిన కారుగానో వేలానికి వస్తే అడ్డుకునే పుస్తకం మన దగ్గర ఏముంది? చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ లాంటి వాటి గురించి అందరికీ తెలుసు. ఊరూరా షెడ్లలో ఉన్న మారిస్‌ల, ఫియట్‌ల, ల్యాండ్‌మాస్టర్ల చరిత్ర యజమానుల నోటిమాటే.

హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లోని పాత కార్ల అభిమానులకు నా విన్నపం ఒకటే. ర్యాలీలు, టోపీలు, ఫొటోలు అన్నీ కానివ్వండి, ముందు చాసిస్ నంబర్ల రిజిస్టరు మొదలుపెట్టండి. నకలు తెచ్చినవాణ్ని గేటు దగ్గర ఆపకుండా, అతని కారు వివరాలు కూడా అందులోనే రాయండి. పాత కారు కొనబోయే పాఠకులారా, రంగు చూసి, హారన్ కొట్టి మురిసిపోకండి. బానెట్ ఎత్తించి చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిచూడండి. ఎవరు, ఏ ఏడు కట్టారో చెప్పలేనివాడికి బయానా ఇవ్వకండి.