మన ఓటు ఎవరి జేబులోనూ లేదు

ఎన్నిక వస్తే చాలు, "మనవాళ్ళ ఓట్లన్నీ నా చేతిలోనే ఉన్నాయి" అని పార్టీవాళ్ళ దగ్గర చెప్పుకొనే పెద్దమనుషులు బయలుదేరుతారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం, లెక్క చూడకుండా మాట నమ్మము.

ఒట్టన్‌చత్రంలో 1996 నుంచి 2021 దాకా ఆరు అసెంబ్లీ ఎన్నికల్లోనూ డీఎంకే సక్కరపాణిగారే గెలిచినారు. 2001, 2011, 2016లో రాష్ట్రం అన్నాడీఎంకేది. 2011లో డీఎంకేకు వచ్చినవే 23 సీట్లు, అందులో మనది ఒకటి. అదే దిండుక్కల్ పార్లమెంటు సీటు 2014లో అన్నాడీఎంకేకు, 2024లో మార్క్సిస్టులకు పోయింది. ఇందులో తెలుగు ఓటు ఏది, అరవ ఓటు ఏది? మన ఇండ్లలోనే తండ్రిది ఒక గుర్తు, కొడుకుది ఒక గుర్తు.

మన ఓటుకు నిజంగా బలం ఉండేది వార్డులో. అక్కడ పది ఇండ్లు కూడా గెలుపు తేల్చగలవు. కాయగూరల మార్కెట్టు చెత్త, మురుగుకాలువ, తాగునీళ్ళు, అన్నీ కౌన్సిలు పనులే. 2016 అక్టోబరు నుంచి 2022 ఎన్నికల దాకా మన పట్టణాల్లో కౌన్సిలర్లే లేరు, అధికారులే ఏలినారు. అప్పుడు ఈ పెద్దమనుషులు ఎక్కడ?

ఈసారి సంఘం ఎవరికీ మద్దతు ప్రకటించవద్దు. వార్డు అభ్యర్థులందరినీ మన హాలుకు పిలిచి, కాలువ ఎప్పుడు కట్టిస్తారో అందరి ముందూ అడుగుదాము. సగం సీట్లు ఆడవాళ్ళవి. ఆమే వచ్చి జవాబు చెప్పవలె, భర్త కాదు.