గుడ్ల లెక్క కాదు, బతికే పిల్లల లెక్క చూడాలి

ఎల్బీనగర్: సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు మీది పల్లెల నుంచి సామాన్లకు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వచ్చే వారి చీటీలో ఇప్పుడు గుడ్లు పొదిగే యంత్రం కూడా చేరుతున్నది. నాటుకోడికి గిరాకీ ఉన్న రోజుల్లో ఇంటివద్దనే పిల్లలు తీసి నాలుగు డబ్బులు కళ్లజూడాలన్న ఆశ మంచిదే. అయితే కొనేవారు ముందుగా అడిగే ప్రశ్న 'ఎన్ని గుడ్లు పడతాయి?' అని. అడగవలసిన ప్రశ్న అది కాదు. ఎన్ని పిల్లలు బతికి పెద్దవవుతాయన్నదే అసలు లెక్క.

పెట్టలు నాలుగైదు ఉన్న ఇంటికి యంత్రంతో పనిలేదు. పొదుగుకు వచ్చిన నాటుపెట్ట పది, పన్నెండు గుడ్లను 21 రోజులు కరెంటు ఖర్చు లేకుండా పొదుగుతుంది, ఆపైన పిల్లలను తిప్పుకొని మేపుతుంది. రెండు పెట్టలను ఒకేరోజు పొదగేస్తే ఇరవై పిల్లల వరకు వస్తాయి. ఒకేసారి అంతకు మించి పిల్లలు కావలసిన వారే యంత్రం సంగతి ఆలోచించాలి. అప్పుడైనా పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లు, వారం రోజులు దాటనివి ఉండాలి. ఫారాల్లో పుంజులు ఉండవు కనుక దుకాణంలో కొన్న ఫారం గుడ్లు ఎన్ని రోజులు వేడి చేసినా పిల్లలు కావు.

కొనే ముందు చూడవలసినవి

గుడ్డుకు కావలసింది 37.5 డిగ్రీల వేడి, అంటే దాదాపు 99.5 ఫారన్‌హీట్. అది పెట్టె అంతటా ఒకే తీరుగా ఉండాలి. ఫ్యాను లేని పెట్టెలో పైన వేడి ఎక్కువ, కింద తక్కువ. అందుచేత చిన్నదైనా ఫ్యాను ఉన్న పెట్టెనే ఎంచుకోవాలి. పెట్టె మీద వెలిగే అంకెలను గుడ్డిగా నమ్మరాదు. గుడ్లు పెట్టకముందే ఒక పగలు, ఒక రాత్రి ఖాళీగా నడిపి, జ్వరం చూసే థర్మామీటరును లోపల పెట్టి సరిచూసుకోవాలి. పాదరసం థర్మామీటరు అయితే వేడి ఎంతవరకు పెరిగిందో అక్కడే నిలిపి చూపుతుంది.

నీటి పళ్లెం ఉండాలి. మొదటి 18 రోజులు గాలిలో తేమ 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. గుడ్లను దానంతట అదే తిప్పే ఏర్పాటు ఉంటే సౌకర్యమే గాని తప్పనిసరి కాదు. గుడ్డుకు ఒక వైపు పెన్సిలుతో గుర్తుపెట్టి రోజుకు మూడు నుంచి ఐదుసార్లు చేత్తో తిప్పినా సరిపోతుంది. 18వ రోజుతో తిప్పడం ఆపి, ఆ తర్వాత మాటిమాటికి మూత తీయకుండా ఉండాలి. ఈజిప్టులో వేల ఏళ్ల కిందటే మట్టి ఇటుకల గదుల్లో నిప్పు వేడితో గుడ్లు పొదిగించారు. వారికి కరెంటు లేదు, మీటరు లేదు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసుకునేవారు. యంత్రం ఎంత ఖరీదైనదైనా మనిషి కనిపెట్టి ఉండక తప్పదు.

కరెంటు, ఎండ

కరెంటు పోతే ఏమిటన్నది అందరి భయం. గంటా గంటన్నర పోయినంత మాత్రాన గుడ్లు పాడైపోవు. మూత తీయకుండా, గాలి రంధ్రాలు మూయకుండా పెట్టె మీద దుప్పటి కప్పితే చాలు. నిజానికి చలికంటే వేడే ఎక్కువ ప్రమాదం. ఈ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద ఇంకా ఎక్కువ. ఇళ్లలో వాడే ఈ చిన్న యంత్రాలు వేడి చేయగలవు గాని చల్లబరచలేవు. గదే పెట్టెకంటే వేడిగా ఉంటే లోపలి పిండం గుడ్డులోనే చనిపోతుంది. చల్లటి గది లేనివారు నడివేసవిలో గుడ్లు పెట్టకపోవడమే మేలు.

పిల్లలు దిగాకే అసలు ఖర్చు

ఉన్న డబ్బంతా యంత్రానికి పోసి, పిల్లలు దిగిన రోజున అట్టపెట్టె కోసం వెతుక్కునే ఇళ్లు ఉన్నాయి. తల్లి లేని పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఇప్పుడు ఏ దుకాణంలో బల్బు అడిగినా ఎల్‌ఈడీ చేతికిస్తారు. అది వెలుగు ఇస్తుంది గాని వేడి ఇవ్వదు. పాత తీగ బల్బునో, బ్రూడరు బల్బునో అడిగి తీసుకోవాలి. గంప కింద వంద వాట్ల తీగ బల్బు ఒకటి యాభై పిల్లలకు సరిపోతుంది.

చుట్టూ అడుగున్నర ఎత్తు అట్టను గుండ్రంగా కట్టాలి. మూలలుంటే పిల్లలు అక్కడ గుమిగూడి ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి. కింద రెండు అంగుళాల ఊక, దానిపైన గోనెసంచి పరచాలి. నున్నటి కాగితం మీద కాళ్లు జారి వంకరపోతాయి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే మునిగిపోకుండా ఉంటాయి. వేడి చాలిందా లేదా అన్నది పిల్లలే చెబుతాయి. బల్బు కింద కుప్పపడితే చాలనట్లు, దూరంగా పోయి నోరు తెరిస్తే ఎక్కువైనట్లు, అంతటా పరుచుకొని తిరిగితే సరిపోయినట్లు.

ఇంత చేసినా కొక్కెర తెగులు ఒక్కసారి వస్తే గంప ఖాళీ అవుతుంది. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఇంజక్షను పశువైద్యుని సలహాతో వేయించాలి. ఒక సీసా మందు ఒక ఇంటి పిల్లలకు చాలా ఎక్కువ. అందుకని వాడకట్టులోని వారంతా కలిసి ఒకే రోజు వేయించుకుంటే మందు వృథా కాదు.

చేయవలసినది

ఇరవై, ముప్పై పిల్లలతో సరిపెట్టుకునే ఇంటికి యంత్రం కంటే పిల్లలనే కొనడం చౌక. ఆరాంఘర్ దాటితే వచ్చే రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ 1988 నుంచి ఉన్నది. పెరటి పెంపకానికి పనికివచ్చే వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడివే. అయితే ఆ కోళ్ల గుడ్లనే మళ్లీ పొదిగిస్తే పుట్టేవాటికి తల్లుల గుణం పూర్తిగా రాదు. యంత్రం కొనేవారికి నాటుకోడి గుడ్లే నయం.

ఇంటికొక యంత్రం కంటే మహిళా సంఘానికొకటి ఉండడం మంచిది. రోజంతా ఒకరు కాకపోతే ఒకరు చూసుకోవచ్చు. అమ్మేవారు వాడే పద్ధతిని తెలుగులో రాసి, గ్యారంటీ కాగితంతో సహా ఇవ్వాలి. పశుసంవర్ధక శాఖ మండలానికొకచోట ఒక యంత్రాన్ని నడిపి, గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్లకు టీకా వేసే రోజు దాకా చూపించాలి. కోడి డబ్బు ఇల్లాలి చేతి డబ్బు. పిల్ల ఫీజుకు, మందుబిళ్లకు ఆదుకునేది అదే. ఆ డబ్బుతో కొనే వస్తువు గురించి చెప్పవలసినవారు, అమ్మవలసినవారు ఆ మాత్రం బాధ్యత చూపడం న్యాయం.